ఆడమ్స్ బ్యాటరీ అందరికీ తట్టునదేనా?

కొత్త వస్తువు చేసినంతమాత్రమున పేటెంటు నిలువదు. ఆ శాఖలో సామాన్య నైపుణ్యము గలవానికి ఆనాటి పరిజ్ఞానముతోనే సులభముగా తట్టునదైతే అది నూతన కల్పన కాదు. అయితే తట్టునో తట్టదో తేల్చుట ఎట్లు? ఫలితము కన్నులయెదుట ఉన్నపుడు అన్నియు సులభముగానే తోచును గదా!

అమెరికాలో బర్ట్ ఆడమ్స్ 1941లో ఒక బ్యాటరీకి పేటెంటు కోరి 1943లో పొందెను. ఒక ఎలక్ట్రోడు మెగ్నీషియము, రెండవది క్యూప్రస్ క్లోరైడు. ఆమ్లముతో పనిలేదు, మంచినీరు గాని ఉప్పునీరు గాని పోసిన చాలును, విద్యుత్తు పుట్టును. అంతవరకు పొడిగా నిలువ ఉంచవచ్చును.

సైనికశాఖ నిపుణులు మొదట ఇది పనిచేయదనిరి. తరువాత ప్రభుత్వమే ఆడమ్స్‌కు తెలుపక వీటిని చేయించుకొనెను. దావా పడగా వాదము మారినది: పాత బ్యాటరీలలోని జింకుకు మారుగా మెగ్నీషియము, సిల్వర్ క్లోరైడుకు మారుగా క్యూప్రస్ క్లోరైడు వేయుటలో విశేషమేమని!

పదార్థములు పాతవే, నిజము. కాని ఈ బ్యాటరీలో సర్క్యూటు తెరచి ఉంచినను చర్య ఆగదు, వాడునపుడు వేడెక్కును. అట్టివి పనికిరావనియే నాటి నిపుణుల నమ్మకము. అనగా తెలిసిన విద్య ఆడమ్స్‌ను ముందుకు నడుపలేదు, వెనుకకు లాగినది. పనిచేయదన్నవారికే అది ముందుగా తట్టియుండెడిదని ఎట్లు నమ్ముట? 1966 ఫిబ్రవరి 21న సుప్రీముకోర్టు పేటెంటును నిలిపెను.

ఆనాడే మరొక తీర్పులో, నాగలి స్ప్రింగు బిగింపున రెండు భాగములను తారుమారు చేసిన పేటెంటును కొట్టివేసెను. కొయ్య మరికొంత వంగవలెనన్న ఆ మార్పు ఏ పనివానికైనను తట్టుననెను.