నాదమునకు యజమాని యెవరు?

నాటకమునకు నేపథ్యగానమెట్టిదో, కంప్యూటరు ఆటకు సంగీతమట్టిది. తలుపు తెరచిన చప్పుడు, అడుగుల సవ్వడి, శత్రువు గర్జన లేనిచో తెరపైని ప్రపంచము మూగవోవును. ఆటను నడుపు ప్రోగ్రామును ఒకరు వ్రాయుదురు. అందలి రాగమును వేరొకరు కూర్తురు. చప్పుళ్లను మరియొకరు పట్టి యిత్తురు. కావున ప్రోగ్రాము స్వేచ్ఛగా లభించినంత మాత్రమున ధ్వనియు స్వేచ్ఛగా లభించినట్లు కాదు. ఈ భేదము నెరుగక చిక్కులపాలగుట సులభము.

"డూమ్" అను ఆట చరిత్రము ఇందుకు చక్కని నిదర్శనము. అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ దీనిని 1993లో వెలువరించెను. 1997లో దాని మూల ప్రోగ్రామును లోకమునకు విడిచిపెట్టెను; 1999లో దానినే జి.పి.ఎల్. అను స్వేచ్ఛా లైసెన్సు క్రిందికి తెచ్చెను. కాని బొమ్మలు, బాబీ ప్రిన్స్ కూర్చిన సంగీతము, చప్పుళ్లు ఆ దానములో చేరలేదు. అంతేకాదు, డాస్ యంత్రములపై ధ్వనిని పలికించిన ప్రోగ్రాము భాగము పరుల సొత్తగుటచే, దానిని పంచుటకు సంస్థకే అధికారము లేకపోయెను. అందుచే లినక్సు కొరకైన ప్రతిని ఈయవలసి వచ్చెను. దేహము నిచ్చిరి గాని కంఠము నీయలేకపోయిరి.

ఆ లోటును పూరింప "ఫ్రీడూమ్" అను ప్రయత్నము బయలుదేరెను. ఔత్సాహికులు పాతవానిని నకలు చేయక, క్రొత్త బొమ్మలు, క్రొత్త బాణీలు, క్రొత్త చప్పుళ్లు కల్పించి, ఎవరైనను వాడుకొని, మార్చుకొని, పంచుకొనదగిన బి.ఎస్.డి. లైసెన్సుతో వెలువరించిరి.

ధ్వనుల విషయమున వేరొక చిక్కు కలదు. జి.పి.ఎల్. ప్రకారము కృతిని పంచువాడు దాని మూలరూపమును గూడ అందింపవలెను. ప్రోగ్రామునకు మూలము స్పష్టమే, పాటకు మూలమేది? స్వరలిపియా? వాద్యముల విడివిడి రికార్డింగులా? 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు మూలరూపమును కోరవు గనుక ఈ సందేహమునకు తావీయవు. వీనిలో "బై" అనునది కర్త పేరు చెప్పుమనును, "ఎస్.ఎ." మార్చినదానిని అదే నియమముతో పంచుమనును, "ఎన్.సి." వ్యాపారమున వాడరాదనును, "ఎన్.డి." మార్చి పంచరాదనును. 2009లో వచ్చిన "సి.సి. జీరో"తో కర్త చట్టము అనుమతించినంత మేరకు తన హక్కులన్నిటిని వదలుకొనును. "ఎన్.సి.", "ఎన్.డి." నియమములు గలవి ఉచితములే గాని స్వేచ్ఛగలవి కావు, అందుచేతనే డెబియన్ తన ప్రధాన భాండారమున వానిని చేర్చుకొనదు.

బార్సిలోనాలోని పొంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయమున 2005లో వెలసిన "ఫ్రీసౌండ్" భాండారమున వానచినుకు మొదలు రైలుకూత వరకు శబ్దములు లభించును. ఒకే చోట నున్నను ఒక్కొక్కదాని నియమము ఒక్కొక్కటి.

తెలుగు విద్యార్థి గుర్తింపవలసినది మరొకటి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి. ఆయన కృతి నేడు సర్వజనుల సొత్తు. కాని ఆ కృతిని నేడొక విద్వాంసుడు పాడిన రికార్డింగునకు, అది వెలువడిన పిదప 60 ఏండ్లు, భారత గ్రంథస్వామ్య చట్టము హక్కు కల్పించుచున్నది. కీర్తన అందరిదైనను రికార్డింగు కొందరిదే.

కావున ఆటను నిర్మించు విద్యార్థి ప్రతి ధ్వనికిని కర్త పేరు, లభించిన చోటు, లైసెన్సు, తాను చేసిన మార్పు మొదటి దినముననే పట్టికగా వ్రాసికొనవలెను. ఆట పూర్తియైన పిదప వెదకినచో ఆ వివరములు దొరకకపోవచ్చును. పెక్కు ధ్వనులకు కర్తలు కోరు మూల్యము తమ పేరు చెప్పుటయే. ఆ మాత్రమైనను చెల్లింపకుండుట న్యాయము కాదు.