కత్తిరించడం తేలిక, బయటికి తియ్యడమే కష్టం

సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద "కూర్పు" అని ఒక పేరు పడుతుంది. ఆ సమయానికి మనం చీకట్లో సీటు వెతుక్కుంటూ వుంటాం. ఆ కూర్చేవాడెవరో, ఏం చేస్తాడో ఇదివరకు ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడలా కాదు. ఇంటికి నాలుగు ఫోన్లు వున్నాయి. పెళ్ళి, బారసాల, గృహప్రవేశం అన్నీ వాటిలోకి ఎక్కుతున్నాయి. ఎక్కినదాన్ని ఒక వరసలో కూర్చి, నలుగురికీ చూపించే భారం ఎవరో ఒకరి నెత్తిన పడుతూ వుంది. మా పేటలో ఆ ఎవరో ఒకరిని నేనే.

అంచేత తరుచు రెండు ప్రశ్నలు నా దగ్గరికి వస్తూ వుంటాయి. ఒకటి: "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" రెండు: "అంతా అయింది గాని, ఫైలు బయటికి రావడం లేదండీ!"

మొదటిదానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఒకప్పుడు కూర్పంటే నిజంగా కత్తెర పనే. సెకనుకు 24 బొమ్మల చొప్పున నడిచే ఫిల్మును 1924లో పుట్టిన మూవియోలా అనే యంత్రంలో తిప్పి చూసి, కోసి, అతికించేవారు. 1989లో ఎవిడ్ వారు ఆ పనిని కంప్యూటరు మీదికి తెచ్చారు. 1991లో ఎడోబీ వారి ప్రీమియర్, 1999లో ఆపిల్ వారి ఫైనల్ కట్ ప్రో వచ్చాయి. డావిన్చీ రిజాల్వ్ మొదట్లో రంగులు దిద్దే సాధనం మాత్రమే. 2009లో బ్లాక్‌మ్యాజిక్ వారు కొన్న తరువాత అదీ పూర్తి కూర్పు సాధనమైంది.

వీటిలో ఏది గొప్ప? వాల్టర్ మర్చ్ అనే ప్రసిద్ధ ఎడిటరు "ది ఇంగ్లిష్ పేషెంట్" చిత్రాన్ని ఎవిడ్ మీద కూర్చి 1997లో ఆస్కార్ అందుకున్నాడు. ఆయనే 2003లో "కోల్డ్ మౌంటెన్" చిత్రాన్ని ఫైనల్ కట్ మీద కూర్చాడు. "ఎవ్రిథింగ్ ఎవ్రివేర్ ఆల్ ఎట్ వన్స్" ప్రీమియర్ మీద కూర్చిన చిత్రం. దానికీ 2023లో కూర్పు ఆస్కార్ వచ్చింది. చేయి తిరిగిన వంటవాడికి మూకుడు ఏదైతేనేం?

అయినా సంసారులం గనక ఖర్చు చూసుకోవాలి. ప్రీమియర్‌కు నెలనెలా చందా కట్టాలి. కట్టడం మానితే తలుపు మూసుకుంటుంది. ఫైనల్ కట్ ఒకసారి కొనుక్కోవచ్చు గాని ఆపిల్ యంత్రాల మీదే నడుస్తుంది. ఎవిడ్ పదిమంది కలిసి పనిచేసే పెద్ద సినిమాలకు దిట్ట. ఒక్కడు ఇంట్లో కూర్చుని పెళ్ళి వీడియో చేసుకోవడానికి అంత సరంజామా అక్కరలేదు. డావిన్చీకి ఉచిత ప్రతి వుంది. అందులో 3840 × 2160 కొలత వరకు, సెకనుకు 60 బొమ్మల వరకు బయటికి తీసుకోవచ్చు. మన ఇంటి టీవీకి అది చాలు. కాకపోతే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాత కంప్యూటరు గలవారు షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఉచిత సాధనాలతో హాయిగా పని నడుపుకోవచ్చు.

ఇక రెండో ప్రశ్న. దీన్ని వొక సంగతి ద్వారా చెబుతాను.

మా పక్కవీధిలో ఒక పెద్దాయనకు సహస్ర చంద్ర దర్శనం చేశారు. ఆ రోజు ఆయన మనవలనూ మునిమనవలనూ చుట్టూ కూర్చోబెట్టుకుని తన చిన్నతనం కబుర్లు గంటన్నర సేపు చెప్పారు. పెద్దమనవడు దాన్ని ఫోనులో తీశాడు. తరువాత నాలుగు నెలలకే ఆయన పోయారు. సంవత్సరీకానికి బంధువులంతా వస్తారు, హాల్లో టీవీ మీద చూపిద్దామని మనవడు ఆ వీడియోను కూర్చుకున్నాడు. తీరా ఎక్స్‌పోర్టు చెయ్యబోతే 63 శాతం దగ్గర ఆగిపోతూ వుంది. సంవత్సరీకం ఇంకా రెండు రోజులే వుంది.

నేను వెళ్ళేసరికి మామ్మగారు గడపలోనే ఎదురొచ్చి, "బొమ్మ ఎలా వున్నా సరే నాయనా, ఆయన మాట మాత్రం సరిగ్గా వినపడేట్టు చూడు" అన్నారు.

ఆగిపోవడంలో గుర్తు పెట్టుకోవలసిన కీలకం ఒకటుంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తప్పు యంత్రానిది: వేడెక్కి వుండవచ్చు. ఎప్పుడూ ఒకేచోట ఆగితే తప్పు అక్కడున్న ముక్కది. మాకు ప్రతిసారీ 63 దగ్గరే ఆగింది. అక్కడ చూస్తే ఆయన పెళ్ళినాటి ఫోటో! బ్రహ్మాండమైన కొలతలో స్కాన్ చేసి పెట్టారు. గ్రాఫిక్స్ కార్డు దాన్ని మొయ్యలేక చతికిలబడుతూ వుంది. ఫోటో కొలత తగ్గించగానే బండి కదిలింది.

అయితే మామ్మగారు భయపడినదే జరిగింది. మొదట్లో బాగానే వున్నా, పోనుపోను పెదవులు ఒకటంటే మాట మరొకటైంది. కారణమేమంటే, ఫోను వెలుతురు తగ్గినప్పుడు సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను తగ్గిస్తుంది, వెలుతురు వస్తే పెంచుతుంది. మాట మాత్రం ఒకే నడకన సాగుతుంది. కూర్పు సాధనం బొమ్మలు కూడా సమంగా నడుస్తున్నాయని అనుకుంటే రెండూ విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాధనంలో అసలు ఫైలును పోసి, బొమ్మల వేగాన్ని స్థిరంగా వుంచమని అడిగాం. వచ్చిన ఫైలును పాతదాని స్థానంలో పెట్టి, అక్కడక్కడ కోతలు సర్దాం. మాట పెదవిని కలుసుకుంది.

మూడోది పెన్‌డ్రైవ్ గొడవ. "జాగా బోలెడుంది, ఎక్కడం లేదు" అన్నాడు మనవడు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో వుంటే 4 గిగాబైట్లు దాటిన ఒకే ఫైలును పట్టదు. లెక్క తేలికే: సెకనుకు 8 మెగాబిట్లు అంటే 1 మెగాబైటు. గంటన్నరకు 5400 సెకన్లు, అంటే 5400 మెగాబైట్లు. దాన్ని 5 మెగాబిట్లకు దించితే 3375 అవుతుంది. కూర్చుని మాట్లాడే మనిషి బొమ్మకు ఆ మాత్రం చాలు. డాన్సులూ, బారాత్ అయితే తగ్గించకండి. పెన్‌డ్రైవ్‌నే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోండి, మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందు చూసుకుని.

రకం ఎంచుకునేటప్పుడు హెచ్ 264 తీసుకోండి. హెచ్ 265లో ఫైలు చిన్నదవుతుంది గాని పాత టీవీలు దాన్ని చూపించలేవు. పేర్లు తెలుగులో వేసేటప్పుడు యూనికోడ్ అక్షరాలే వాడండి; అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో టైపు చేసి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. ఒత్తులు విడిపోతే, ఆ సాధనంలో భారతీయ లిపుల అమరిక వుందేమో వెతకండి.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక టీవీ పెట్టారు. పిల్లలు తెర చూస్తున్నారు. మామ్మగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఎవ్వరూ కదిలించలేదు.

మీ ఇంట్లోనూ ఇటువంటి వీడియో వుండే వుంటుంది. ఫోనులో వున్న అసలు ఫైలును చెరపకుండా రెండుచోట్ల దాచండి. మొత్తం తియ్యబోయే ముందు ఒక్క నిమిషం ముక్క తీసి, చూడబోయే టీవీ మీదే వేసి చూడండి. ఈ పని వేడుక ముందురోజు రాత్రి దాకా మాత్రం వుంచకండి!