జ్వరం తగ్గినా పద్నాలుగు రోజుల మాత్రలెందుకు?



మలేరియాతో వచ్చినవారు మందు పడిన మూడు నాలుగు రోజులకే లేచి తిరుగుతారు. అప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టరుగారూ, జ్వరం తగ్గింది కదా, ఇంకా ఈ మాత్రలు ఎందుకండీ?" అడగవలసిన ప్రశ్నే. జవాబు తెలియకపోతే మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి, కొన్ని నెలలకు చలిజ్వరం మళ్ళీ వస్తుంది. కొల్లేటి లంకలవారైనా, మన్యానికి పనికి వెళ్ళి వచ్చినవారైనా ఈ సంగతి తెలుసుకోవాలి. శాస్త్రజ్ఞులు దీన్ని కంటితో చూడగలగడానికి సముద్రంలోని ఒక జెల్లీచేప సాయపడింది.

సికింద్రాబాదులో దొరికిన ఆనవాలు

మలేరియా దోమ ద్వారా వస్తుందనడానికి మొదటి ఆధారం మన తెలుగు నేల మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. ఈ పనికి ఆయనకు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే ఆయన చూసింది చచ్చిన దోమను. ఈనాటికీ ల్యాబులో మీ వేలి నుంచి రక్తపు చుక్క తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి చూస్తారు. రోగం గుర్తించడానికి అది మంచి పరీక్షే. కాని రంగు వేసేసరికి కణాలు చనిపోయి ఉంటాయి. పరాన్నజీవి ఎలా ఉందో తెలుస్తుంది గాని, ఎటు వెళుతోంది, ఏం చేస్తోంది అనేది తెలియదు. ఫోటో చూసి మనిషి నడక చెప్పలేం కదా.

మెరిసే ప్రోటీను అంటే ఏమిటి?

1962లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము షిమొమురా, అమెరికా పడమటి తీరంలో పట్టిన వేలాది జెల్లీచేపల నుంచి ఒక ప్రోటీనును వేరుచేశాడు. దాని మీద నీలికాంతి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. మిణుగురు పురుగులా దానంతట అది వెలగదు, పైనుంచి కాంతి పడాలి. దుకాణంలో నోటు అసలుదో కాదో చూడడానికి ఊదారంగు లైటు కింద పెడతారు కదా, అప్పుడు నోటులోని సన్నని పోగులు మెరుస్తాయి. ఇదీ అటువంటిదే.

ప్రతి ప్రోటీనును ఎలా తయారుచేయాలో కణంలోని జన్యువులో రాసి ఉంటుంది. 1992లో డగ్లస్ ప్రాషర్ ఈ మెరిసే ప్రోటీను జన్యువును విడిగా తీశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని బాక్టీరియాలోను, ఒక చిన్న పురుగులోను పెట్టి చూపించాడు. ఆ ప్రాణులు తమంతట తామే ఆ ప్రోటీనును తయారుచేసుకుని, నీలికాంతిలో మెరిశాయి, బ్రతికే ఉన్నాయి. రోజర్ షెన్ దానికి మరిన్ని రంగులు తెచ్చాడు. షిమొమురా, చాల్ఫీ, షెన్ ముగ్గురికీ 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

నీళ్ళలో వేసిన వల మనకు కనబడదు, పైన తేలే బెండును బట్టి వల ఎక్కడుందో చెబుతాం. కణంలో ఈ ప్రోటీను ఆ బెండు వంటిది. ఏ భాగానికి తగిలిస్తే ఆ భాగం కదలిక తెలుస్తుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయంలో కూడా ఇటువంటి ప్రోటీన్లతో కణాలను పరిశీలిస్తారు.

మలేరియా గురించి ఏం తెలిసింది?

2006లో పారిస్ పాశ్చర్ సంస్థవారు, ఎలుకలకు మలేరియా తెచ్చే పరాన్నజీవిలో ఈ జన్యువు పెట్టి, దోమ కుట్టిన తర్వాత చర్మంలో ఏం జరుగుతుందో చూశారు. దోమ వదిలిన పరాన్నజీవులు చర్మంలో పాకుతూ తిరిగాయి. కొన్ని రక్తనాళంలోకి దూరాయి, కొన్ని చర్మంలోనే ఉండిపోయాయి. రక్తంలోకి చేరినవి లివరుకు వెళ్ళి, అక్కడి కణాల్లో దూరి వేలకొద్దీ పెరుగుతాయి. అక్కడినుంచి మళ్ళీ రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడతాయి. చలి, వణుకు, జ్వరం అప్పుడే వస్తాయి.

మన దేశంలో ఎక్కువగా కనబడే మలేరియాలు రెండు: వైవాక్స్, ఫాల్సిపారం. వీటిలో వైవాక్స్‌కు ఒక దొంగబుద్ధి ఉంది. లివరుకు చేరిన వాటిలో కొన్ని పెరగకుండా నిద్రపోతాయి. వారాలు, నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటాక మేల్కొంటాయి. అప్పుడు కొత్తగా దోమ కుట్టకపోయినా జ్వరం వస్తుంది. ఇలా నిద్రపోయే రూపం ఉందని 1980ల మొదట్లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. అవి మేల్కొనే తీరును మాత్రం చూడలేకపోయారు.

2020లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు, వైవాక్స్‌కు దగ్గరి చుట్టమైన కోతుల మలేరియా పరాన్నజీవిలో రెండు మెరిసే ప్రోటీన్లను పెట్టారు. ఒకటి ఆకుపచ్చ, ఎప్పుడూ ఉంటుంది. రెండోది ఎరుపు, పరాన్నజీవి పెరగడం మొదలుపెడితేనే వస్తుంది. ల్యాబులో పెంచిన లివరు కణాల్లో, నిద్రపోతున్నది ఆకుపచ్చగా మాత్రమే కనబడింది. మేల్కొన్నప్పుడు ఎరుపు కూడా తోడయింది. నిద్రపోయినది బ్రతికే ఉందని, తర్వాత లేచి పెరుగుతుందని ఆ విధంగా కళ్ళారా చూశారు. నిద్రలో ఉన్నవాటిని చంపే కొత్త మందులు వెతకడానికి ఇది పనికివస్తుంది.

ఈ మెరిసే ప్రోటీనును రోగులకు ఎక్కించరు. ఇది ల్యాబులో వాడే పనిముట్టు మాత్రమే, కాబట్టి ఎవరూ భయపడనక్కరలేదు.

మరి మనం ఏం చేయాలి?

వైవాక్స్ మలేరియాకు మూడు రోజులు ఇచ్చే క్లోరోక్విన్ రక్తంలో ఉన్న పరాన్నజీవులను చంపుతుంది, అందుకే జ్వరం తగ్గుతుంది. లివరులో నిద్రపోతున్నవాటిని అది చంపలేదు. వాటికోసమే పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. నిద్రపోతున్నవి రక్తపరీక్షలో కనబడవు గనుక, పరీక్ష బాగుందని మాత్రలు మానరాదు. ఈ క్రింది సంగతులు గుర్తుంచుకోండి.

1. రోజూ అన్నం తిన్న తర్వాత మాత్ర వేసుకోండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపునొప్పి రావచ్చు. ఇంట్లో ఒకరు క్యాలెండరు మీద టిక్కు పెడుతూ ఉంటే మరచిపోరు.

2. గర్భిణీ స్త్రీలకు, ఏడాది లోపు పసిపిల్లలకు ఈ మందు ఇవ్వరు. పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

3. కొందరికి పుట్టుకతోనే జి-6-పి-డి అనే పదార్థం తక్కువగా ఉంటుంది. ఈ మందు వలన వారి ఎర్రకణాలు పగిలిపోవచ్చు. డాక్టరు ఆ పరీక్ష రాస్తే చేయించుకోండి.

4. మందు వాడుతుండగా మూత్రం నల్లగా, కాఫీరంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

5. పక్కింటివారి చీటీ చూసి మాత్రలు వేసుకోకండి, మిగిలినవి ఎవరికీ ఇవ్వకండి. ఫాల్సిపారంకు మందులు వేరు, ప్రైమాక్విన్ మోతాదు కూడా వేరు.

6. రాత్రి దోమతెర కట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా చలిజ్వరం వస్తే ఇంతకు ముందు మలేరియా వచ్చిందని చెప్పి, రక్తపరీక్ష చేయించుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు మధ్యలో మానేసి ఉంటే, తిట్టకుండా చీటీతో సహా ఓ.పి.కి తీసుకురండి. ఎన్ని రోజులు వాడారో ఉన్నదున్నట్లు చెబితే చాలు, మిగతాది డాక్టరుగారు చూస్తారు.

— నర్సింగ్ సూపరింటెండెంట్