కాఫీ మానిన ఉదయము

మన యిండ్లలో తెల్లవారుట యనగా కాఫీ కాగుట. పొయ్యిమీద పాలు పొంగుచుండగా, ఫిల్టరునుండి డికాషను బొట్టుబొట్టుగా దిగుచుండగా గాని దినచర్య ప్రారంభము కాదు. పిమ్మట ఇడ్డెనలో, దోసెలో, పెసరట్టో, ఉప్మాయో పళ్లెములోనికి వచ్చును. ఇట్టి యింట నొక గృహిణికి కీళ్లవాతమో, థైరాయిడు వ్యాధియో కలదని తేలినదనుకొందము. అమెరికాలోనున్న చెల్లెలు ఫోనుచేసి, "అక్కయ్యా, కాఫీ, పాలు, గోధుమ, బియ్యం, పప్పు, మిరపకాయ అన్నీ మానెయ్యి, తగ్గిపోతుంది" అని చెప్పును. అప్పుడామెకు రెండు సందేహములు కలుగును. ఈ మాటలో నిజమెంత? అన్నియు మానినచో ఉదయమున తినవలసినదేమి? ఈ రెంటికిని సమాధానము చెప్పుటయే యీ ప్రసంగము ఉద్దేశము.

మన శరీరమునందలి రోగనిరోధక వ్యవస్థ కావలివాని వంటిది. బయటినుండి వచ్చిన సూక్ష్మజీవులను గుర్తించి నశింపజేయుట దాని విధి. కొందరిలో ఈ కావలివాడు ఇంటివారినే దొంగలని భ్రమించి వారిపై కర్ర యెత్తును. అతడు కీళ్ల పొరలపై పడినచో రుమటాయిడ్ కీళ్లవాతము, కంఠమునందలి థైరాయిడు గ్రంథిపై పడినచో హాషిమోటో వ్యాధి కలుగును. ప్రేవులలో ఇట్టి అలజడియే క్రోన్ వ్యాధి మొదలగువానికి దారితీయును. వీనినే ఆటో ఇమ్యూన్ వ్యాధులందురు. జపాను వైద్యుడు హకారు హాషిమోటో తన పేర వెలసిన వ్యాధిని 1912లో వర్ణించెను. ఇట్టి వ్యాధులలో పెక్కు పురుషులకంటె స్త్రీలకే హెచ్చుగా వచ్చుచున్నవి.

ఆహారమునకును వీనికిని సంబంధము కలదా? ఒక వ్యాధి విషయమున నిస్సంశయముగా కలదు. అది సీలియాక్ వ్యాధి. విల్లెమ్ డికె అను డచ్చి బాలవైద్యుడు గోధుమరొట్టె మానిన పిల్లలు కోలుకొనుటను గమనించెను. 1944-45 శీతకాలమున, యుద్ధము వలన హాలండులో రొట్టె కరవైన కాలపు అనుభవము ఆయన అభిప్రాయమును బలపరచెను. 1950లో ఆయన తన పరిశోధనను గ్రంథరూపమున విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. గోధుమ, బార్లీ, రై ధాన్యములందలి గ్లూటెను అను పదార్థమును జీవితాంతము మానుటయే నేటికిని ఆ వ్యాధికి ప్రధాన చికిత్స. కాని ఒక తాళమును తెరచిన చెవి యింటనున్న తాళములన్నిటిని తెరవదు. తక్కిన వ్యాధులకు ఇంత స్పష్టమైన ఆహారకారణము ఇంకను నిరూపింపబడలేదు.

ఇక నీ పథ్యము పుట్టుక యెట్టిదో చూతము. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ అను అమెరికా పండితులు ప్రాచీన శిలాయుగపు మానవుని ఆహారమును గూర్చి ఒక వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించిరి. వ్యవసాయము రాకపూర్వము మానవుడు తినిన మాంసము, చేపలు, దుంపలు, ఆకులు, పండ్లు మన దేహమునకు సరిపడునని వారి తలంపు. 2002లో లోరెన్ కోర్డైన్ అను ఆచార్యుడు తన గ్రంథము ద్వారా పేలియో ఆహారమను పేరును ప్రజలలో వ్యాపింపజేసెను. అయితే 30,000 ఏండ్లనాటి రాతి పరికరములపై మొక్కల పిండిపదార్థపు రేణువులు కనబడినవని 2010లో ఒక పరిశోధన వెల్లడించినది. కనుక ఆ కాలపు మానవుడు పిండి రుచి యెరుగడనుట సరికాదు. ఈ పథ్యమును చరిత్ర సత్యముగా గాక, ఒక పరీక్షా పద్ధతిగా మాత్రమే గ్రహించుట మేలు.

పేలియో ఆహారమున ధాన్యములు, పప్పుదినుసులు, పాలు, పంచదార నిషిద్ధములు. ఆటో ఇమ్యూన్ వ్యాధిగ్రస్తులకని యేర్పరచిన కఠినపథ్యమున వీనికి తోడు గ్రుడ్లు, జీడిపప్పు బాదము వంటి గింజలు, నువ్వులు, వంకాయ, టొమేటో, బంగాళదుంప, మిరపకాయ కూడ మానవలెను. మన పోపులపెట్టె యించుమించుగా ఖాళీ యగును. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియములు విత్తనములు గనుక అవియు వర్జ్యములే. మిరియములును తొలిదశలో వాడరాదు. బజారులో దొరకు ఇంగువలో తరచుగా గోధుమ లేక బియ్యపు పిండి కలిసియుండును గనుక దానిని చూచి కొనవలెను.

దీని ఫలితమునకు నిదర్శనములు లేకపోలేదు గాని, అవి స్వల్పములు. 2017లో అమెరికాలో ప్రేవుల వ్యాధులు గల 15 మందిచే ఈ పథ్యము చేయించగా, ఆరవ వారమునకు 11 మందిలో వ్యాధి లక్షణములు అణగినవి. 2019లో హాషిమోటో వ్యాధి గల 16 మంది స్త్రీలు 10 వారములు ఆచరించగా వారి ఆరోగ్యానుభవము మెరుగుపడినది. కాని థైరాయిడు పనితీరులోను, రక్తమునందలి ప్రతిదేహములలోను చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. రెండింటిలోను పథ్యము చేయనివారితో పోల్చి చూచుట జరుగలేదు. ఆశకు తావు కలదు. వైద్యుడు వ్రాసిన మందు మానుటకు మాత్రము తావు లేదు.

ఇక వంటయింటికి పోవుదము. ఇన్ని మానిన పిమ్మట మిగులునదేమని నిరాశపడ నక్కరలేదు. చిలగడదుంప, కంద, చామదుంప, కర్రపెండలము, అరటికాయ, అరటిదూట, గుమ్మడి, ఆనపకాయ, ఆకుకూరలు, కొబ్బరి, చింతపండు, నిమ్మ, అల్లము, వెల్లుల్లి, పసుపు, కరివేపాకు, దాల్చినచెక్క, లవంగములు అన్నియు అనుమతింపబడినవే. మాంసాహారులకు చేపలు, మాంసము ఉండనే యున్నవి. నూనెలలో కొబ్బరినూనె వాడవచ్చును. మిరపకాయ మన దేశమునకు 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి మూలమున వచ్చినది. దానికి పూర్వము మన పెద్దలు కారము లేకయే భోజనము చేయలేదు గదా! తొలిదశలో ఆ కారమును అల్లము కొంతవరకు తీర్చును.

మొదటిది అరటికాయ పొడికూర. కాయలను తొక్కతో ఉడికించి, తొక్కతీసి పొడిగా చిదుపవలెను. కొబ్బరినూనెలో కరివేపాకు, సన్నగా తరిగిన అల్లము వేయించి, పసుపు, ఉప్పు చేర్చి, చిదిపిన కాయను కలిపి, దించిన పిదప నిమ్మరసము పిండవలెను. పోపుగింజలు లేని లోటు అంతగా తెలియదు.

రెండవది చిలగడదుంప అట్టు. అరకిలో దుంపలుడికించి మెత్తగా మెదిపి, రెండు మూడు చెంచాల పాలగుండ, అల్లము, కరివేపాకు, ఉప్పు కలిపి, చిన్నచిన్న బిళ్లలుగా తట్టి, పెనముపై సన్ననిసెగను రెండువైపుల ఎర్రగా కాల్చవలెను. తోడుగా కొబ్బరి, కొత్తిమీర, చింతపండుతో నూరిన పచ్చడి యుండిన చాలును.

మూడవది కంద బచ్చలి. గోదావరి జిల్లాల పెండ్లివిందులలో పేరుగన్న యీ కూరను ఆవపిండి, మిరపకాయ లేకుండ వండవలెను. కందలోని సూదులవంటి ఆక్సలేటు స్ఫటికముల వలన దురద పుట్టును. తరుగునపుడు చేతులకు నూనె రాచుకొని, చింతపండు చేర్చి బాగుగా ఉడికించినచో ఆ బాధ తగ్గును.

మాంసాహారులు ఎముకల చారును త్రాగవచ్చును. హైదరాబాదు పాతబస్తీలో ఉదయమున పాయా త్రాగు అలవాటు కలదు. మేకకాళ్లను అల్లము, వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, లవంగములతో సన్ననిసెగపై చాలసేపు మరగించిన చాలును. కోస్తావారికి మిరపకాయ లేని చేపల పులుసు, ఉడికిన దుంపయు మంచి ఉపాహారము. సగ్గుబియ్యము మన దేశమున కర్రపెండలముతో చేయబడునది గనుక ధాన్యము కాదు. కొబ్బరిపాలతో జావగా కాచుకొనవచ్చును. అయితే అందు పిండిపదార్థము తప్ప తక్కిన పోషకము స్వల్పము. కావున అది యెప్పుడైన నొకనాటి వంటకమే.

ఇక కాఫీ మాట. కాఫీ ప్రతి ఆటో ఇమ్యూన్ రోగికిని హాని చేయునని ఋజువు లేదు. అది గింజ యగుట చేతను, అందలి కెఫీను నిద్రను భంగపరచుట చేతను ఈ పథ్యమున తొలిదశలో విడువబడినది. అలవాటుపడినవారు ఒక్కమారుగా మానినచో 12 మొదలు 24 గంటలలోపల తలనొప్పి, మందకొడితనము, చిరాకు మొదలై, కొందరికి వారము దాటి యుండవచ్చును. కనుక రోజుకు మూడు గ్లాసులు త్రాగువారు కొన్నాళ్లు రెండు, పిదప ఒకటి, పిదప అర గ్లాసు చొప్పున తగ్గించుట ఉత్తమము.

దానికి మారుగా మనకు ముందే పరిచయమైన చికోరీ కలదు. ఇది ఒక మొక్కవేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేయుదురు. 1806లో నెపోలియన్ ఆంగ్లేయుల వర్తకమును నిరోధించిన పిమ్మట కాఫీ దుర్లభమై, ఫ్రాన్సులో చికోరీ వాడుక పెరిగినది. మన దేశమున కాఫీ పొడిలో చికోరీ నూటికి 49 పాళ్లు మించరాదని నిబంధన. పథ్యము చేయువారు కాఫీ కలియని చికోరీనే కొనవలెను. అందు కెఫీను లేదు. రంగు, చేదు, వేపిన వాసన మాత్రము కాఫీని తలపించును. ఒక గ్లాసు వేడినీటికి అర చెంచా చాలును. చిక్కని కొబ్బరిపాలను సన్ననిసెగపై కొంచెము కొంచెముగా చేర్చినచో విరుగవు. తీపికి స్వల్పముగా తేనె చేర్చవచ్చును. చికోరీ అధికమైనచో కడుపుబ్బరము కలుగును గనుక మితము పాటింపవలెను.

శొంఠి కషాయము, నిమ్మగడ్డి అల్లముతో కాచిన నీరు, రాయలసీమలో నన్నారి యని పిలువబడు సుగంధివేరు కషాయము కూడ మంచివే. ధనియాల కాఫీ మాత్రము విత్తనముతో చేయునది గనుక తరువాతి దశకు ఉంచుకొనవలెను. ఇచట థైరాయిడు మాత్ర వేసికొనువారికొక ముఖ్యవిషయము. పథ్యము చేసినను చేయకున్నను, మాత్రను పరగడుపున మంచినీటితో మ్రింగి, కనీసము అరగంట, వీలైనచో గంటసేపు ఆగి కాఫీగాని ఉపాహారముగాని తీసికొనవలెను. కాఫీ ఆ మందు ఒంటబట్టుటను తగ్గించును. అన్నియు మానుటకంటె ఈ చిన్న నియమమే కొందరికి ఎక్కువ మేలు చేయగలదు.

ఈ కఠినపథ్యము జీవితాంతము చేయవలసినది కాదు. ఆరు వారములైన పిమ్మట, బాధలు తగ్గినచో, మానినవానిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకొనవలెను. గ్రుడ్డులోని పచ్చసొన, నేయి, ధనియములు, జీలకర్ర, మిరియములు మొదటి వరుసలోనివి. ఒకటి చేర్చిన పిదప ఐదారు దినములు గమనించి, బాధ లేనిచో మరియొకటి చేర్చవలెను. తిన్నదియు, కలిగిన మార్పును ఒక పుస్తకమున వ్రాసికొనుట అవసరము. కాఫీకిని ఇదే పరీక్ష. తనకు పడనిదేదో తెలిసికొనుటయే పథ్యమునకు పరమార్థము గాని, పళ్లెమును ఖాళీ చేయుట కాదు.

చివరకు కొన్ని హెచ్చరికలు. శుద్ధ శాకాహారులు పప్పు, పాలు, గింజలు అన్నియు మానినచో మాంసకృత్తులకును, బి-12 విటమినుకును ఆధారమే యుండదు. అట్టివారు ఆహారనిపుణుల సలహా లేక దీనికి పూనుకొనరాదు. గర్భిణులకు, పిల్లలకు ఇది తగదు. మధుమేహము గలవారికి దుంపల వలన చక్కెర పెరుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారికి అరటికాయ, దుంపలలోని పొటాషియము హాని చేయవచ్చును. వీరందరును వైద్యుని అడిగియే అడుగు వేయవలెను. సీలియాక్ వ్యాధి కలదను అనుమానమున్నచో, గోధుమ మానకమునుపే రక్తపరీక్ష చేయించుకొనవలెను. మానిన తరువాత ఆ పరీక్ష తప్పు చెప్పవచ్చును.

మరియొక మాట. ఇంటిలో నొకరు పథ్యము చేయుచుండగా తక్కినవారు ఎదుటనే ఘుమఘుమలాడు కాఫీ త్రాగుచు, "నీకు లేదులే" అనుట ధర్మము కాదు. తరచుగా ఆ పథ్యము చేయునది అందరికిని వండిపెట్టు ఇల్లాలే. ఆ ఆరు వారములు ఆమె కషాయము నింకొకరు కాచి యిచ్చి, ఆమె అట్టును ఒకనాడైనను అందరును కలిసి తినినచో, పథ్యము సగము తేలికయగును.