మసాజ్ గన్ కొంటున్నారా? స్పీడ్ లెవెల్స్ కాదు, ఈ రెండు నంబర్లు చూడండి

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి మెడ పట్టేయడం, నడుము లాగడం మామూలే. అందుకే చాలామంది ఇప్పుడు మసాజ్ గన్ వైపు చూస్తున్నారు. షాపింగ్ యాప్స్‌లో మాత్రం ‘30 స్పీడ్ లెవెల్స్, 8 హెడ్స్’ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఇది మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కెమెరా బాగుందనుకోవడం లాంటిదే.

మసాజ్‌లో గన్ చేసేది ఎంత?

స్వీడిష్ మసాజ్‌లో ముఖ్యంగా ఐదు పద్ధతులుంటాయి: నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, వణికించడం. డీప్ టిష్యూ మసాజ్‌లో నెమ్మదిగా, గట్టిగా ఒత్తుతూ లోపలి కండరాల మీద పనిచేస్తారు. ఆయుర్వేద అభ్యంగనంలో గోరువెచ్చని నూనెతో ఒళ్లంతా మర్దన చేస్తారు.

గన్ చేసేది ఇందులో తట్టడం ఒక్కటే. హెయిర్ కట్ అయ్యాక సెలూన్‌లో తల మీద టపటపా కొడతారు కదా, అదే పని మోటార్ నిమిషానికి వేలసార్లు చేస్తుంది. అమెరికాలో జేసన్ వెర్స్‌లాండ్ అనే కైరోప్రాక్టర్ 2007లో బైక్ యాక్సిడెంట్ తర్వాత తన నొప్పి కోసం ఇలాంటి పరికరం తయారుచేసుకున్నారు. అదే తర్వాత థెరాగన్ అయ్యింది.

చూడాల్సిన రెండు నంబర్లు

1. యాంప్లిట్యూడ్: హెడ్ ఎంత దూరం ముందుకీ వెనక్కీ కదులుతుందో చెప్పేది. థెరాగన్ ప్రోలో ఇది 16 మి.మీ. చాలా చిన్న మోడల్స్‌లో 6 నుంచి 10 మి.మీ. మాత్రమే. ఇది మరీ తక్కువైతే చర్మం మీద వైబ్రేషన్ తప్ప లోపలికి పెద్దగా ఏమీ తెలియదు.

2. స్టాల్ ఫోర్స్: ఎంత గట్టిగా నొక్కితే మోటార్ ఆగిపోతుందో చెప్పేది. థెరాగన్ ప్రోకి కంపెనీ చెప్పే లెక్క 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు. రోజువారీ వాడకానికి అంత అక్కర్లేదు. కానీ ఈ నంబర్ అసలు రాయని మోడల్ అయితే కాస్త ఆలోచించండి.

లాభం ఎంతవరకు?

వర్కవుట్ తర్వాత వచ్చే నొప్పి కొంత తగ్గుతుంది, బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది. అంతే. ‘ల్యాక్టిక్ యాసిడ్‌ని బయటికి పంపేస్తుంది’ అన్న ప్రచారం నమ్మొద్దు. అది గంట, గంటన్నరలో దానంతట అదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు వచ్చే నొప్పికి కారణం అది కాదు. రోజూ తప్పుగా కూర్చుంటే ఏ గన్ కూడా మీ మెడని కాపాడలేదు.

ఇక్కడ అస్సలు వాడొద్దు

మెడ ముందు భాగం, వెన్నెముక ఎముక, ఉబ్బిన నరాలు, దెబ్బ తగిలిన చోట గన్ పెట్టకండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగాలి.

ఇంకోటి చాలా ముఖ్యం. గంటల తరబడి బస్సులోనో ఫ్లైట్‌లోనో కూర్చున్నాక ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు. నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మసాజ్ చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అప్పుడు గన్ పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే వెంటనే 108కి కాల్ చేయండి.

మిగతా సమయాల్లో లో స్పీడ్‌తో మొదలుపెట్టి, ఒక్కో కండరానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. నొప్పి పెరుగుతుంటే ఆపేయండి.