చంటిబిడ్డ గుడ్డలు, బోరు నీళ్ళు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు బిడ్డ పుట్టిన ఇంటికి చూడ్డానికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఇప్పుడు డైపర్ల ప్యాకెట్ కనిపిస్తోంది. ఒకప్పుడు జుబ్బా, గౌను, సబ్బు పెట్టె ఉండేవి. ఆ ప్యాకెట్ అయిపోయి మళ్ళీ కొనాల్సి వచ్చినప్పుడో, బిడ్డ పిర్రలు ఎర్రగా కందినప్పుడో బాలింతకు గుడ్డలు గుర్తొస్తాయి. ఫోన్ తీస్తే రంగురంగుల బటన్ల క్లాత్ డైపర్లు, వాటితో పాటు బోలెడు సందేహాలు. ఎన్ని కొనాలి, ఏ సైజు, లోపల పెట్టే మెత్త ఏ రకం? నన్నడిగితే అవన్నీ తర్వాతి సంగతులు. ముందు తేల్చుకోవలసినవి రెండే. ఇంట్లో ఏ నీళ్ళు వస్తాయి? ఉతికేది ఎవరు?

పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంతం. ఆత్మకూరుకు దగ్గర్లోనే పెన్న మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉన్నా, వెలిగొండల వారన ఉన్న ఊళ్ళలో పెరట్లో గుడ్డలు ఉతికేది ఎక్కువగా బోరు నీళ్ళతోనే. ఉదయగిరి పక్క ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే కాబట్టి తాగడానికి క్యాన్లు కొంటారు. గుడ్డలకు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. వాటి పేచీ అంతా కాల్షియం, మెగ్నీషియం లవణాలతో, అంటే నీటి కాఠిన్యంతో. మీ నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి ల్యాబ్‌కు పంపనక్కర్లేదు. కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదా? బకెట్ అంచున, కొళాయి మూతి దగ్గర తెల్లగా గార కడుతుందా? స్నానం చేసేటప్పుడు సబ్బు నురగ రాకుండా విరిగిపోతుందా? అయితే మీవి కఠిన జలాలే.

అలాంటి నీళ్ళలో సబ్బు బిళ్ళతో గుడ్డలు ఉతికితే సబ్బులోని కొవ్వు ఆమ్లం కాల్షియంతో కలిసి, నీళ్ళలో కరగని జిడ్డుగా మారుతుంది. అది నూలు పోగుల సందుల్లో చేరిందంటే ఎంత జాడించినా ఒక పట్టాన వదలదు. ఉతికేకొద్దీ గుడ్డ బిరుసెక్కుతుంది. ఉచ్చను పీల్చుకోకుండా పక్కలకు వదిలేస్తుంది. ఆరినా వాసన పోదు, లేత చర్మాన్ని గీరుతుంది. గుడ్డలు మొదలుపెట్టి నెల తిరక్కుండానే విసిగిపోయేవాళ్ళు తిట్టుకునేది మాత్రం గుడ్డల్నే.

విరుగుడు ఖరీదైనదేం కాదు. బకెట్ నీళ్ళలో ముందుగా చెంచా, చెంచాన్నర బట్టల సోడా కరిగించి కొద్దిసేపు ఆగాలి. కాల్షియం సోడాతో కలిసి అడుగున చేరితే, ఆ తర్వాత వేసిన పౌడర్ తన పని తాను చేసుకుంటుంది. వంటసోడా ఈ పనికి చాలదు. సబ్బు బిళ్ళ కన్నా డిటర్జెంట్ పౌడర్ నయం, అది కఠిన జలంలో అంతగా విరగదు. సువాసన ఘాటుగా ఉన్నదాన్ని, గుడ్డ మెత్తబడాలని చివర్లో వేసే ద్రవాన్ని మానుకోండి. ఆ ద్రవం పోగుల మీద పూతలా పట్టి పీల్చే గుణాన్ని చంపేస్తుంది. ఇప్పటికే బిరుసెక్కిన గుడ్డలుంటే నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్ళలో ఒకసారి నానబెట్టి బాగా జాడిస్తే గార కొంత వదులుతుంది. కుంకుడుకాయ నురగ ఏ నీళ్ళలోనూ విరగదు, అందుకే మన అవ్వలకు అదంటే అంత నమ్మకం. ఉచ్చ గుడ్డలకు సరిపోతుంది కానీ దొడ్డి అంటిన గుడ్డలకు దాని బలం చాలదు.

ఈ సోడా కిటుకు కొత్తదేమీ కాదు. చాకళ్ళు చౌడు మట్టి నీళ్ళలో గుడ్డలు తడిపి, బానలో పేర్చి, ఆవిరి పట్టి ఉబ్బ వేసేవాళ్ళు. చౌడులో ఉండేదీ సోడాయే. ఆవిరికి క్రిములు చచ్చేవి, సోడాకు జిడ్డు వదిలేది. ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి. మా కాలంలో అందరికీ గుడ్డలే కట్టాం, మాకేం కష్టం కాలేదు అని పెద్దవాళ్ళు అంటుంటారు. చాలా ఇళ్ళలో ఆ కష్టం చాకలి ఆడవాళ్ళు పడ్డారు. పురిటింటి మైల గుడ్డలు మూటగట్టి వాళ్ళకే వేసేవాళ్ళు, పంటలప్పుడు గింజలు కొలిచేవాళ్ళు. ఆ ఏర్పాటు పోయింది, పోవడమే మంచిది. కానీ ఆ పని మాయం కాలేదు. పచ్చి బాలింత మీదో, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ మీదో పడింది. రోజుకు డజను గుడ్డలు పిండడం కుట్ల నొప్పితో ఉన్న మనిషి చేయదగ్గ పని కాదు. బిడ్డ తండ్రి బకెట్ పట్టుకుంటాడా, మేనమామ పట్టుకుంటాడా, మిషన్ ఉందా, కూలికి మనిషిని పెట్టుకుంటారా అన్నది కాన్పుకు ముందే తేలాలి. తేలకపోతే గుడ్డలు కొనకండి. ఈ మాట నేను నిష్ఠూరంగా అనడం లేదు.

ఈ రెండూ తేలాయంటే, మొదలుపెట్టడానికి కావలసిన సరుకు ఇంట్లోనే ఉంటుంది. పాత పంచె, నలిగిన నూలు చీర, మెత్తబడ్డ దుప్పటి. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదనే పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది. అది గుడ్డలకు మాత్రం కలిసొచ్చింది. పచ్చి నూలు పోగు మీద సహజంగా మైనం లాంటి పొర ఉంటుంది, నేత కోసం పెట్టిన గంజి కూడా ఉంటుంది. రెండూ నీళ్ళను పీల్చుకోనివ్వవు. ఏళ్ళ తరబడి ఉతికిన పంచెలో ఆ రెండూ పోయి పోగులు విచ్చుకుంటాయి కాబట్టి తడి తగలగానే లాగేస్తుంది. కొత్త క్లాత్ డైపర్ లోపలి మెత్తను కూడా వాడకముందు నాలుగైదు సార్లు ఉతకమని చెప్పేది ఇందుకే. పాలిస్టర్ కలిసిన చీర పనికిరాదు. దారం కొసను కాల్చి చూడండి. నూలైతే కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ఉండ కడుతుంది.

చదరంగా చింపి అంచులు కుట్టుకుంటే చాలు. మూలకు మడిచి ముక్కోణం చేసి, మధ్యలో ఇంకో మడత పెట్టి, నడుముకు వదులుగా ముడి వేయాలి. మగపిల్లాడికి మడత ముందుకు, ఆడపిల్లకు మధ్యకు రావాలి. బొడ్డు ఊడేదాకా గుడ్డ అంచును బొడ్డు కిందికి మడవండి. బొడ్డుకు గాలి తగలాలి, పొడిగా ఉండాలి, పసుపూ నూనే ఏదీ పూయకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు వచ్చే నల్లటి జిగురు దొడ్డి మరక సులువుగా వదలదు. దానికి అన్నిటికన్నా పాత పేలికలు వాడి పారేయండి.

రోజూ ఉతికేటట్టయితే రెండు డజన్ల గుడ్డలు చాలు. వానాకాలానికి ఇంకో డజను ఉంటే మేలు. పొత్తిళ్ళలో ఉన్నంతకాలం కింద రబ్బరు షీటు, పైన గుడ్డ సరిపోతాయి. ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళ బట్టలు తడవకూడదనుకుంటే పైతొడుగులు నాలుగైదు కొనుక్కోవచ్చు. వాటి లోపలి వైపు పలచటి పాలియురేథేన్ పూత ఉంటుంది. అది నీటిని ఆపుతుంది, ఆవిరిని కొంత పోనిస్తుంది. సలసల కాగే నీళ్ళకు, రోహిణి కార్తె ఎండకు ఆ పూత విడిపోతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది. కాబట్టి గుడ్డలు ఎండలో, తొడుగులు నీడలో వేయాలి. బటన్లతో సైజు మార్చుకునే రకం ఒక్కోటి కొన్ని వందల రూపాయలు. ఒకేసారి పాతిక కొనేయకుండా రెండు మూడు తెచ్చి మీ బిడ్డ తొడలకు సరిగ్గా పడతాయో లేదో చూసుకోండి.

గుడ్డల్లో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం, అవి లెక్క చెబుతాయి. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తుంది. పాలు సరిపోతున్నాయా అని చూడ్డానికి ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నాడని అడుగుతుంది. తల్లిపాలు కుదురుకున్నాక, వారం వయసుకు, రోజుకు ఆరుసార్లకు తగ్గకూడదు. జెల్ డైపర్ వేసి ఉంచితే ఆ సంగతి చేతికి తెలియదు. అందులోని సోడియం పాలిఅక్రిలేట్ పలుకులు తడిని మింగేసి పైన పొడిగా ఉంచుతాయి. గుడ్డ అయితే దండెం చూస్తేనే తెలిసిపోతుంది.

చర్మం కందడం గుడ్డలతో దానంతటదే పోతుందని మాత్రం అనుకోవద్దు. తడి, రాపిడి, దొడ్డి కలిస్తేనే ఒరుపు వస్తుంది. దొడ్డిలోని క్రిములు ఉచ్చలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి, దాంతో చర్మం పైపొర దెబ్బతింటుంది. గుడ్డ తడవగానే మార్చాలి. మార్చేటప్పుడు నీళ్ళతో కడిగి, అద్ది, కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలాలి. మన ఎండల్లో ఆ గాలే పెద్ద మందు. పౌడర్ వద్దు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మడతల్లో ఎర్రగా మెరుస్తూ, చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే అది ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. ఇంకోటి, నూనె మర్దన చేసిన వెంటనే కట్టిన గుడ్డకు నూనె పడుతుంది, అదీ నీళ్ళను తోసేస్తుంది. నూనె గుడ్డల్ని విడిగా పెట్టి వేడి సోడా నీళ్ళలో ఉతకండి.

ఉతికే పద్ధతి పెద్ద శాస్త్రమేం కాదు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి నీళ్ళలో కలిసిపోతుంది. ఆరు నెలలు నిండి అన్నం మొదలుపెట్టాక ముందు మరుగుదొడ్లో దులిపి, చల్లటి నీళ్ళలో జాడించి, తర్వాతే సోడా నీళ్ళలో వేయాలి. రోజుల తరబడి నానబెడితే కంపు పెరుగుతుందే తప్ప మురికి పోదు. పసుపు మరకలకు బ్లీచింగ్ అక్కర్లేదు. తడి గుడ్డను ఎండలో పరిస్తే మధ్యాహ్నానికి సగం మాయమవుతాయి. ఇబ్బంది అంతా ఈశాన్య రుతుపవనాల అక్టోబరు, నవంబరు నెలల్లోనే. ముసురు పట్టినప్పుడు ఒకే మందపాటి మడత కన్నా రెండు పలచటి గుడ్డలు త్వరగా ఆరతాయి. ఆ వాన నీళ్ళే చూరు కింద పట్టుకుంటే సంవత్సరమంతటిలో దొరికే మెత్తటి నీళ్ళు అవే, చివరి జాడింపుకు వాటిని మించినవి లేవు.

రాత్రిపూట, ప్రయాణాల్లో కొన్న డైపర్ వేస్తే తప్పు పట్టేవాళ్ళతో నాకు వేగడం కష్టం. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. బస్సులో తడి గుడ్డల మూటతో అవస్థ పడమని ఏ తల్లికి చెబుతాం? వాడింది ఎక్కడ వేస్తున్నామన్నదే చూసుకోవాలి. ఘనవ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని విడిగా చుట్టి ఇవ్వాలి. వాగులో, చెత్తకుప్ప మంటలో వేస్తే లోపలి ప్లాస్టిక్ ఎటూ పోదు.

గుడ్డ కడితే చాలు భూమికి మేలు అనే ప్రచారాన్ని కూడా కాస్త తగ్గించుకుని వినాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో లెక్క వేస్తే, రెండున్నరేళ్ళకు గుడ్డల వల్ల సుమారు 570 కిలోల కార్బన్ డయాక్సైడ్, పారేసేవాటి వల్ల 550 కిలోలు తేలాయి. అక్కడ వేడి నీళ్ళ మిషన్లూ, కరెంటుతో ఆరబెట్టే డ్రయ్యర్లూ గుడ్డల లెక్క పెంచాయి. దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ వాడితే ఆ లెక్క బాగా తగ్గుతుందని అదే నివేదిక చెప్పింది. అక్కడ కష్టపడి సాధించాల్సిన దండెం, ఎండ మనకు ఊరికే దొరుకుతున్నాయి. కరువైంది నీళ్ళు. అందుకే చివరి జాడింపు నీళ్ళను మర్నాటి మొదటి జాడింపుకు ఉంచుకోవడం, మురికి నీళ్ళను కూర మొక్కలకు కాకుండా కొబ్బరి చెట్టు పాదులో పోయడం మెట్ట ఊళ్ళలో నేర్చుకోవాల్సిన అలవాట్లు.

మెడ నిలిచాక అమ్మమ్మలు బిడ్డను రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని, వేళ పట్టి, నోటితో శబ్దం చేస్తూ దొడ్డికి కూర్చోబెడతారు. లేచిన వెంటనే, పాలు తాగిన కొద్దిసేపటికి ఇలా చేస్తే రోజుకు రెండు మూడు గుడ్డలు మిగులుతాయి. అందులోనూ అన్నిటికన్నా ఉతకడానికి కష్టమైనవే మిగులుతాయి.