బోరు మోటార్ ఆగిపోయిందా? పైకి లాగేముందు ఇవి చూడండి

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో పండరీ అనగానే బట్టల మార్కెట్ గుర్తొస్తుంది. అక్కడి ఇళ్లలో వేసవిలో బోరు మోటార్ ఆగిపోతే ఇబ్బంది మామూలుగా ఉండదు. 1986 నాటి తాగునీటి సంరక్షణ చట్టం కింద కలెక్టర్ నీటి ఎద్దడి ప్రాంతంగా ప్రకటిస్తే, అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం కూడా బోర్ల తవ్వకాన్ని ఇలాగే నియంత్రిస్తుంది. కాబట్టి ఉన్న పంపునే బాగు చేయించుకోవాలి.

అయితే మోటార్ ఆగిన ప్రతిసారీ దాన్ని బయటికి తీయక్కర్లేదు. లోపం స్టార్టర్ డబ్బాలోనే ఉండొచ్చు.

లోపం పైనా, లోపలా?

స్విచ్ వేసినప్పుడు ఆంపియర్ మీటర్ ముల్లును గమనించాలి. ముల్లు కదలకపోతే కరెంట్ మోటార్‌కు చేరడం లేదని అర్థం. ఓవర్‌లోడ్ ట్రిప్ అయిందా, వైర్ ఊడిందా అన్నది చూడాలి. ముల్లు బాగా పైకి వెళ్లి ట్రిప్ అవుతుంటే కెపాసిటర్ పోయి ఉండొచ్చు, వోల్టేజీ తక్కువ ఉండొచ్చు, లేదా పంపు బిగుసుకుపోయి ఉండొచ్చు. మోటార్ తిరుగుతున్నా నీళ్లు రాక, ఆంపియర్లు మామూలు కంటే తక్కువగా ఉంటే నీటిమట్టం పంపు కిందికి పడిపోయిందేమో చూడాలి.

ఆ తర్వాత మెయిన్ ఆపి, బోరులోకి వెళ్లే వైర్లను డబ్బా నుంచి విడదీసి మల్టీమీటర్‌తో కొలుస్తారు. సింగిల్ ఫేజ్ మోటార్‌కు మూడు వైర్లుంటాయి. రెండేసి వైర్ల మధ్య వచ్చే మూడు రీడింగుల్లో పెద్దది, మిగతా రెండింటి మొత్తానికి దాదాపు సమానంగా ఉండాలి. మెగ్గర్‌తో చూసినప్పుడు ఎర్త్‌కు ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే కేబులో, వైండింగో దెబ్బతిన్నట్లు అనుమానించాలి. కరెంట్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది. అందుకే ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయడం మంచిది.

విప్పితే ఏం తెలుస్తుంది?

నాన్ రిటర్న్ వాల్వ్ వల్ల పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి బరువు ఎక్కువ. కేసింగ్ మూతి దగ్గర కింది పైపుకు క్లాంప్ బిగించాకే పై పైపు మర విప్పుతారు. కేబుల్ పట్టుకుని మోటార్‌ను లాగకూడదు.

బయటికి వచ్చాక పంపును, మోటార్‌ను వేరు చేసి రెండు షాఫ్టులనూ చేత్తో తిప్పి చూస్తారు. మోటార్ తిరిగి, పంపు తిరగకపోతే లోపం ఇంపెల్లర్లలో ఉన్నట్లే. రాయ్‌పూర్ పరిసరాల నేల ఎక్కువగా సున్నపురాయి. నీళ్లు దాని పగుళ్లు, గుల్లల్లో నిలుస్తాయి. కాఠిన్యం ఎక్కువైన నీళ్లతో ఇంపెల్లర్లపై సున్నం పెచ్చు కడుతుంది. పగుళ్ల నుంచి బంకమట్టి, ఇసుక కూడా వస్తాయి. విప్పిన ఇంపెల్లర్లను, బౌల్స్‌ను అదే వరుసలో పేర్చుకుని శుభ్రం చేసి మళ్లీ బిగిస్తారు.

మోటార్ షాఫ్టు తిరగకపోతే అడుగున ఉండే త్రస్ట్ బేరింగ్, బుష్‌లు అరిగాయేమో చూడాలి. వైండింగ్ తీగ నల్లబడితే కొత్తగా చుట్టించాల్సిందే. నీళ్లతో నింపే రకం మోటార్‌లో, గాలి బుడగలు ఆగేదాకా శుభ్రమైన నీళ్లు పోయాకే మూత బిగించాలి. బేరింగ్‌లకు కందెన ఆ నీళ్లే. పరీక్ష కోసమైనా దాన్ని ఒట్టిగా తిప్పకూడదు.

కాలడానికి కారణం?

చాలామంది మర్చిపోయే ప్రశ్న ఇది. పక్క నుంచి పారే నీళ్లే సబ్‌మెర్సిబుల్ మోటార్‌ను చల్లబరుస్తాయి. నీటిమట్టం పడిపోయినా, మోటార్ చుట్టూ బురద చేరినా అది వేడెక్కుతుంది. కారణాన్ని సరిచేయకుండా వైండింగ్ మాత్రమే మారిస్తే మళ్లీ కాలుతుంది.

అందుకే పంపు బయట ఉన్నప్పుడే తాడుకు బరువు కట్టి నీటిమట్టాన్ని, బోరు లోతును కొలవాలి. పంపును అడుగు మట్టికి తగలకుండా దించాలి. నీళ్లు తగ్గగానే మోటార్‌ను ఆపేసే డ్రై రన్ రక్షణ పెట్టించాలి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తుంది. ఇంటి బోరుకు వర్షాలకు ముందోసారి, తర్వాతోసారి కొలిచి డబ్బా మూత లోపల రాసుకున్నా, వచ్చే వేసవికి పంపు ఎంత లోతులో ఉండాలో అంచనా దొరుకుతుంది.